ఏడో వరుస టమాటాలు

సారు చాకుతో టమాటాను కోసి, ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. కుండీలకు నీళ్లు పోసే అక్క ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"విచిత్రంగా ఉందే. ఉప్పునీళ్లు తాగితే కాయ చిన్నదవుతుంది, తీపెక్కుతుంది. ఇదేమో గుప్పెడంత ఉంది, చప్పగా ఉంది."

"మా అమ్మ దాచిన విత్తనం సార్. దాని గుణమే అంత."

సారు నవ్వి పుస్తకంలో రాసుకున్నారు. ఆ పరిశోధన షెడ్డులో ఎనిమిది వరుసల కుండీలు. పైన మాడ్చేసే వేడి, వేళ్లకు ఉప్పు కలిపిన నీళ్లు. తొట్టిలో ఉప్పెంతో సారు రోజూ కొలిచేవారు. అక్కణ్ణుంచి మోసి పోయడం అక్క పని. నెల తిరిగేసరికి మిగతా వరుసలన్నిట్లోనూ ఆకుల అంచులు కాలి పూత రాలిపోయింది. ఏడో వరుసలోని నాలుగు కుండీలే పచ్చగా నిలిచాయి.

"షెడ్డు వెనక కాలవ గట్టున గడ్డి కూడా మాడిపోయిందమ్మా, ఈ ఎండలకి. మీ అమ్మ విత్తనం మాత్రం గట్టిది," అన్నారు సారు.

ఆ విత్తనాన్నీ చూడమని ఆయన్ను బతిమాలింది అక్కే. సముద్రం పక్కనున్న తమ్ముడి ఎకరం పొలంలో బావి ఉప్పుబారి రెండేళ్లయింది. ఈ రకం తట్టుకుంటే సేద్యం చేస్తాడు, లేదంటే నేల వదిలేస్తాడు. అందుకే రోజూ షెడ్డు తలుపు తీసే ముందు చేతులు జోడించేది. 'స్వామీ, ఈ నాలుగింటినీ చల్లగా చూడు.' ఒక్క వరుసనే చూడమని దేవుణ్ణి అడగడం న్యాయమేనా అని అప్పుడప్పుడు మనసు పీకేది. అయినా అడిగేది.

ఇంటికి రాగానే గటగటా చెంబుడు నీళ్లు తాగేది. "పొద్దున రెండు లీటర్ల సీసా నింపుకుపోతావు, ఖాళీ చేసుకొస్తావు. మళ్లీ ఈ దాహమేమిటే? కడుపులో ఎడారుందా?" అని మొగుడు ఆటపట్టించేవాడు. ఆమె నవ్వి ఇంకో చెంబు ముంచుకునేది.

సారు రాసిన కాగితం చూపించబోతే తమ్ముడు చూడనైనా లేదు. "నువ్వు చెప్పావు కదక్కా, చాలు," అన్నాడు. డబ్బాలో మిగిలిన అమ్మ విత్తనమంతా నారు పోశాడు.

వేసవి చివర్లో ఒకరోజు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆకులు కాలిపోయాయనీ, పూత నిలవలేదనీ, నేల వదిలేసి పట్నంలో కాపలా పనికి కుదిరాననీ మెల్లగా చెప్పాడు. జేబులోంచి ఉసిరికాయంత టమాటా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎకరానికీ మిగిలినవి ఇలాంటివి గుప్పెడు. తినక్కా, తేనెలా ఉంది."

ఆమె కొరికింది. నిజంగానే తేనెలా ఉంది.

"నీ దగ్గర బతికింది, నా దగ్గరెందుకు బతకలేదక్కా? నా చేతిలోనే ఏదో దోషముంది."

"నీ చేతిలో ఏ దోషమూ లేదురా," అంది. ఇంకేదో చెప్పబోయి, దేవుడి పటం వైపు చూసి, తల దించుకుంది.

ఆ నాలుగు కుండీలకూ ఆమె రోజూ పోసింది, తను తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్లు.