ఇంజనులో రాగిరేకు

ఉమారాణి హెడ్‌లైట్ల స్విచ్చి వేసింది. బానెట్ కింద ‘టప్’మన్నది. లైట్లు వెలగలేదు.

“నాలుగో ఫ్యూజు గూడ పోయింది, అక్కా,” అన్నాడు నరేష్. కల్వకుర్తిలో శ్రీశైలం రోడ్డు పక్కన అతనికి బండ్ల కరెంటు పనిచేసే షాపు ఉన్నది. “వైర్లన్నీ ఒకదాంట్ల ఒకటి సొచ్చినయ్. మొత్తం పీకి కొత్తయి గుంజాలె. పది దినాలు పడ్తది.”

“పది దినాలు యాడికెళ్లి తేవాలె? రేపు పొద్దుగాల ఆర్టీఓ ఆఫీసుల బండి చూపియ్యాలె. లైట్లు వెలగకుంటే పాసు చెయ్యరు. పాసు గాకుంటే తుక్కుల పడుడే.”

అది ఇరవై ఎనిమిదేళ్ల నాటి అంబాసిడర్. ఆమె భర్త విజేందర్ దానిని కిరాయికి నడిపేవాడు. అతడు జబ్బుచేసి పోయిన నాటినుంచి, మూడేళ్లుగా, ఆమే నడుపుతున్నది. ఇల్లు దానిమీదే గడుస్తున్నది. స్టీరింగు మీద అతని చేతులు అరగదీసిన చోటనే ఆమె చేతులు పెడుతున్నది.

“జర నేను చూడొచ్చునా?”

పక్క హోటల్ బల్లమీదినుంచి ఒక పెద్దాయన లేచి వచ్చాడు. నున్నగా గీసిన గడ్డం, మాసిన ప్యాంటు, భుజాన బట్టసంచి.

“చూడు పెద్దాయన,” అన్నాడు నరేష్. “చూసుడుకు టికెటేం లేదు.”

పెద్దాయన ముందు బ్యాటరీ తీగ విప్పాడు. ఒక్కొక్క వైరునూ వేలితో పట్టుకొని అది ముగిసే చోటు దాకా పోయాడు. రెండు కొసలకూ ఒకే అంకె రాసిన కాగితం ముక్కలు కట్టాడు. మధ్యాహ్నానికి, ఎక్కడికీ పోని వైర్లు పదకొండు తేలాయి.

“గవన్నీ నాకంటె ముందటోళ్లు చేసిన పనులు,” అన్నాడు నరేష్.

“గీ మూడింటికి నీ షాపు టేపే ఉన్నది, నాయినా.”

నరేష్ చాయ్ చెప్పడానికి పోయాడు.

పెద్దాయన ఉమారాణి వైపు తిరిగాడు.

“దీనికి రక్షకని రాగిరేకు కట్టిచ్చిండ్రా, బిడ్డా?”

“కట్టిచ్చినం. నీకెట్ల ఎరుక?”

“చానా బండ్లకు ఉంటది.”

ఇంజను వెనుకకు చేయి పోనిచ్చి, వైర్ల కట్టను ముందుకు లాగాడు. దానికి ఎర్రదారంతో బిగించిన అరచేయంత రాగిరేకు ఉన్నది. చుట్టిన గుడ్డ ఏనాడో మాడిపోయింది. రేకు ఒక అంచు వైరు తొడుగును కోసింది. మరొక అంచు బండి ఇనుముకు ఆనుకొని ఉన్నది.

“స్విచ్చేస్తే కరెంటు లైట్లకు పోతలేదు. రేకు మీదికెళ్లి బాడీకి దిగుతాంది. ఫ్యూజు కొట్టేసింది గనుక నయమైంది. ఫ్యూజు జాగల ఎవలన్న మందం తీగ చుట్టి ఉంటే బండి అంటుకునేది.”

అప్పుడే వచ్చిన నరేష్, చేతిలో సిద్ధంగా ఉంచుకున్న తీగముక్కను జేబులో వేసుకున్నాడు.

పెద్దాయన ఎర్రదారం కత్తిరించాడు.

“ఆగు. ఎవలనడిగి కోసినవ్?” ఉమారాణి ముందుకు వచ్చింది. “మా ఆయన గుట్ట మీది సాధువు కాళ్లు మొక్కి తెచ్చుకున్నడు దాన్ని. పదకొండేండ్లల్ల బండికి గీత పడలే.”

“గీత పడకుంట నడిపింది మీ ఆయన, బిడ్డా. ఆయన కండ్లకు, చేతులకు రావాల్సిన పేరు రేకుకు ఇయ్యకు.”

“పెద్ద చెప్పొచ్చినవ్. గా సాధువు ముందట నువ్వెంత? ఆయన కాలిధూళికి సాలవు.”

పెద్దాయన తల దించుకున్నాడు. తెగిన తొడుగుకు టేపు చుట్టి, వైర్లను ఇనుముకు తగలకుండా కట్టాడు. రేకును తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు.

“ఇంట్ల దేవుని అర్రల పెట్టుకో. ఇంజనుల మాత్రం వద్దు.”

నరేష్ కొత్త ఫ్యూజు వేసి, బ్యాటరీ తీగ బిగించాడు. ఆమె స్విచ్చి వేసింది. రెండు లైట్లూ వెలిగాయి.

ఆమె రేకును కళ్లకద్దుకొని బండి తీసింది. చాయ్ తాగమని కూడా అనలేదు. అద్దంలో చూస్తే, పెద్దాయన ఒక జీపు డ్రైవరుతో ఏదో చెబుతున్నాడు. డ్రైవరు అతణ్ణి కసురుకుంటున్నాడు.

మరునాడు తనిఖీ అధికారి బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు.

“ఇంత పాత బండిలో ఇంత పద్ధతైన వైరింగు నేను చూడలేదమ్మా. ఎవరు చేశారు?”

“ఎవరో తొవ్వల పోయేటాయన, సార్.”

బండి పాసయింది. ఇంకో ఏడాది తిరగవచ్చు.

అయినా, రేకు తీసినందుకు ఏ కీడు జరుగుతుందోనన్న భయం ఆమెను వదలలేదు. అటునుంచి అటే కొబ్బరికాయ, రేకు పట్టుకొని గుట్టకు పోయింది. ఆ సాధువును ఆమె ఎన్నడూ చూడలేదు. భర్త చెప్పగా విన్నదే. గుడిసెకు తాళం ఉన్నది. తడికెకు చెద పట్టింది. మేకలు కాస్తున్న ముసలామె, ఉప్పలమ్మ, ఆమె దగ్గరికి వచ్చింది.

“సాధువు లేడు బిడ్డా. రెండేండ్లాయె.”

“కాలం చేసిండా, అవ్వా?”

“లేదు. దేవరకొండ తొవ్వల ఒక జీపు అంటుకొని నలుగురు పోయిండ్రు. ఈడికెళ్లి రేకు కట్టిచ్చుకొని పోయిన బండే అది. ఆయన పోయి చూసొచ్చిండు. వచ్చినంక మూడు దినాలు గంజి గూడ ముట్టలే.”

“మల్ల?”

“మల్లేముంది, గుట్ట దిగి ఏదో షెడ్డుల కూలికి చేరి వైర్ల పని నేర్సిండు. ఇప్పుడు గడ్డం గీక్కొని, సంచిల కటింగ్ ప్లేయరు ఏసుకొని, తాను కట్టిన రేకులు తానే తెంపుకుంట, ఎవలు తిట్టినా పడుకుంట, ఊరూరు తిరుగుతుండు.”