కేక దగ్గర తెగే తీగ

తీగ మళ్ళీ అక్కడే తెగింది.

లాన్‌యీ చేతులు చటుక్కున వెనక్కి లాక్కుంది. వాయించడానికని వేళ్ళకు టేపుతో చుట్టుకున్న గోళ్ళు ఒకదానికొకటి తగిలి టకటకలాడాయి.

"పాత తీగేమోలే," అన్నాడు లూ ఖై. బ్యాండులో డ్రమ్స్ అతనివే. ఇక్కడ మాత్రం స్టూలు మీద పుల్లలతో బాదుతున్నాడు.

"పొద్దున వేసిన కొత్త తీగ! నిన్నా ఇక్కడే తెగింది, మొన్నా ఇక్కడే. పాటలో ఆ పెద్ద కేక ఉందే, సరిగ్గా అక్కడ."

"తీగ దానంతటదే తెగితే చాటున ఎవరో వింటున్నట్టని మా నాయనమ్మ..."

"నోర్ముయ్, ఖై!"

ఇద్దరి చూపులూ ఒకేసారి గోడ మీదికి పోయాయి. నల్ల ఫ్రేములోంచి తాన్ గురువుగారు చూస్తున్నారు. నిటారైన మెడ, నవ్వని పెదాలు, ఎడమ చెంప మీద సన్నటి పొడుగాటి మచ్చ. ఆవిడ పోయి ఇంకా రెండు నెలలు కాలేదు. గది ఆవిడది, బల్లంత పొడుగున్న ఈ తీగల వాయిద్యం, జెంగ్, ఆవిడది. పిల్లాపాపా లేని మనిషి, పోతూ పోతూ దాన్ని లాన్‌యీ చేతిలో పెట్టింది.

పెడుతూ ఒక మాట కూడా అంది. "దీని మీద ఏమైనా వాయించుకో. ఆ ఒక్క పాట మాత్రం వద్దు. తీగ తెగుతుంది."

అది లాన్‌యీ తండ్రి తరం కుర్రాళ్ళు జుట్టు పెంచుకుని పాడుకున్న రాక్ పాట. కిందటి వసంతంలో మొదటిసారి లాన్‌యీ దాన్ని ఈ గదిలోనే మొదలుపెట్టింది. నాలుగు స్వరాలు పలికాయో లేదో, గురువుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆపు. ఆ కేక దగ్గర తీగ తెగుతుంది," అని లేచి వెళ్ళిపోయింది. కేక ఇంకా చాలా దూరంలో ఉంది.

"శాపమే పెట్టిందంటావా?" అంది లాన్‌యీ. ఆమెకు ఏడుపు తన్నుకొస్తోంది. "అమ్మకన్నా ఎక్కువగా చూసింది రా నన్ను."

"అందుకే మరి. ఆవిడ మాట దాటావుగా."

"పోనీ మానేద్దామా?"

"ఇవాళ సాయంత్రం మిల్లు హాల్లో మనం స్టేజి ఎక్కేదే ఈ పాటతో. గిటార్లవాళ్ళు వీధికి పదిమంది. మనల్ని పిలిచింది నీ జెంగ్ కోసం, ఆ కేక కోసం. మానేస్తే ఇంకెవడూ పిలవడు తల్లీ."

పెరట్లోంచి కాగితం కాలిన వాసన వచ్చింది. ఏడో నెల పున్నమి. గురువుగారి చెల్లెలు మేయ్ పిన్ని పోయిన అక్కకు ముట్టాలని ఉత్తుత్తి కాగితపు నోట్లు కాలుస్తోంది. తీగ తెగిన చప్పుడుకి చేతులకి బూడిదతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఇవాళ కూడా ఆ గోలేనా పిల్లా? ఈ ఇంట్లో మా అక్క చేతిలో తీగ తెగడం నేనెన్నడూ చూళ్ళేదు. పెద్దవాళ్ళ మాట పెడచెవిన పెడితే ఇంతే!"

"పిన్నీ, గురువుగారికి నా మీద కోపం వచ్చిందంటారా?"

"రాదూ? ఇవాళ పోయినవాళ్ళంతా ఇళ్ళకొచ్చే రోజు. మా అక్క కోపం నీకు తెలీనిదా! వయసులో సైకిల్ మీంచి పడి చెంప చీరుకుపోతే, ఎక్కడ పడ్డావే అని అడిగిన పాపానికి మా అమ్మనే కసిరింది. నెల్లాళ్ళు గది తలుపు తియ్యలేదు." అంటూ పిన్ని వేడినీళ్ళు పెట్టుకోవడానికి వంటింట్లోకి నడిచింది.

ఇంకొక్క తీగే మిగిలింది. లాన్‌యీ దాన్ని బిగించి, ఫొటో ముందు అగరుబత్తి వెలిగించి, మూడుసార్లు వంగి దణ్ణం పెట్టింది. "గురువుగారూ, ఈ ఒక్కసారి ఒప్పుకోండి," అంది.

ఖై పుల్లలు అందుకున్నాడు. పాట కదిలింది.

కేక దగ్గరపడింది. తీగ అలా గొంతు చించుకుని అరవాలంటే ఎడమచేత్తో అదిమితే చాలదు. ఒళ్ళంతా దాని మీదికి ఒరగాలి. గురువుగారి పాటల్లో ఏ తీగకూ ఇంత బలం అక్కర్లేదు. "వీపు నిటారుగా! మొహం తీగల మీదికి తేకు!" అని వెదురు బద్దతో వీపు మీద కొట్టేది ఆవిడ. ఇప్పుడూ దెబ్బ పడుతుందేమోనన్నంత భయంతో లాన్‌యీ ఒరిగింది, మొహం తీగల మీదికి తెచ్చింది, అదిమింది.

ఠంగుమంది.

చెంప భగ్గుమంది. జెంగ్ మీద నెత్తురు బొట్లు రాలాయి.

"పిన్నీ! నీళ్ళు!" అని అరిచాడు ఖై.

నీళ్ళ గిన్నెతో పరుగున వచ్చిన మేయ్ పిన్ని గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. గిన్నె చేజారి దొర్లింది.

"అక్కా!" అంది.

గురువుగారే అనుకుంది లాన్‌యీ. వచ్చేసింది. వెనకే నిలబడి ఉంది. తిరిగి చూసే ధైర్యం లేదు ఆమెకు.

"వెనకాల ఎవరూ లేరు," అన్నాడు ఖై, బిక్కచచ్చిన గొంతుతో. "పిన్ని నిన్నే చూస్తోంది."

లాన్‌యీ బీరువా అద్దంలోకి చూసుకుంది. ఎడమ చెంప మీద, కంటి కింద మొదలై చెవి తమ్మె దాకా, సన్నగా ఏటవాలుగా ఒక్క కోత. తలెత్తి గోడ మీది ఫొటో చూసింది. అదే చెంప. అదే వాలు. అంతే పొడుగు. ఆ కేక దగ్గర తీగ తెగుతుందని ఆవిడకెలా తెలుసో ఇప్పుడు అర్థమైంది.

ఏ సైకిలూ చెంపను ఇలా కొయ్యదు.