గంగ మేడం

"గంగ వస్తుంది."

పొద్దున్నే రచన ఫోన్లో ఆ మెసేజీ మెరిసింది. పంపినవాడి పేరు అంబదాస్. ఎవరో, ఏ ఊరో తెలియదు.

తెలియదని ఊరుకునే రకం కాదు ఆమె కొత్తగా పెట్టించిన సాఫ్ట్‌వేర్. తన పని తాను చేసేసింది. కస్టమర్ పేరు: గంగ. తెచ్చినవాడు: అంబదాస్. పరిస్థితి: వస్తుంది.

వెంటనే జవాబు కూడా పంపేసింది. "గంగ గారికి స్వాగతం! మీ రాక కోసం ఎదురుచూస్తున్నాం."

రచన మురిసిపోయింది.

మంచిర్యాలలో గోదావరి ఒడ్డునున్న ఆ ఫంక్షన్ హాలు తాత జైపాల్‌రావుది. ఆయన పోయాక, హైదరాబాదులో పుట్టి పెరిగిన మనవరాలు వచ్చి పెత్తనం తీసుకుంది. హాలు కింద, నదిని ఆనుకున్న పల్లపు జాగాలో గడ్డి వేయించి లాన్ తయారుచేసింది. ఈ వానాకాలంలో ఒక్క బుకింగైనా రాకపోతే హాలు అమ్మేస్తానని తండ్రి తెగేసి చెప్పాడు.

తాత నంబరు చుట్టుపక్కల అందరి దగ్గరా ఉంటుందని దాన్నే సాఫ్ట్‌వేర్‌కు తగిలించింది రచన. ఎవరు ఏ మెసేజీ పెట్టినా అదే జవాబిస్తుంది, అదే గుర్తు పెట్టుకుంటుంది, మళ్లీ అదే పలకరిస్తుంది.

వాకిలి ఊడుస్తున్న సత్తమ్మ రోజూ అడిగినట్టే అడిగింది.

"పెద్దదొర ఫోన్ల ఏమన్న వచ్చిందా బిడ్డా?"

"వచ్చింది సత్తమ్మా! గంగ మేడం అని ఒకామె వస్తుందట."

"మేడమా?" సత్తమ్మ మొహం చిన్నబోయింది. "గంతేనా? ఇంకేం రాలే?"

"ఇంకేం రావాలి?"

"పెద్దదొర ఉన్నప్పుడైతే..." అని ఏదో చెప్పబోయింది సత్తమ్మ. అంతలో ఫోన్ మళ్లీ మోగింది. రచన అటు తిరిగిపోయింది.

"ఈసారి గంగ పెద్దగ వస్తుంది."

అంటే పెద్ద పార్టీ!

సాఫ్ట్‌వేర్ ఆలస్యం చేయలేదు. "చాలా సంతోషం! ఎంతమంది వస్తారు?"

కాసేపటికి జవాబు. "గంగ వస్తుందంటే సమజైతలేదా?"

సాఫ్ట్‌వేర్ ఆ పేరు పక్కన ఎర్రచుక్క పెట్టింది. కస్టమర్‌కు కోపం వచ్చింది, జాగ్రత్త అని దాని అర్థం.

పేరు చెబితే చాలు తెలిసిపోవలసిన మనిషన్నమాట. ఏ లీడర్ భార్యో, ఏ కాంట్రాక్టర్ తల్లో! రచన తానే ఫోన్ చేసింది. కలవలేదు. మళ్లీ చేసేలోగా ఇంకో మెసేజీ.

"పొద్దూకే వరకు మీ కాడుంటది."

అంటే సాయంత్రానికల్లా వచ్చేస్తుంది! రచన వాచ్‌మన్ బాలమల్లును కేకేసింది. బాలమల్లు సత్తమ్మ భర్త. ఏండ్ల తరబడి మరమగ్గాల మోతలో పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. దగ్గరికి వెళ్లి గట్టిగా చెబితే తప్ప వినబడదు.

"కొత్త కుర్చీలన్నీ కింద లాన్‌లో వేయి బాలమల్లూ! పెద్ద మేడం వస్తుంది!"

"కిందనా అమ్మా? గీ వానకాలంల?"

"వానెక్కడుంది? ఎండ ఎట్లా కొడుతుందో చూడు!"

నిజమే, మబ్బు తునక లేదు. కానీ నది మీదినుంచి గాలి ఆగి ఆగి వీస్తోంది, బురద వాసనతో. రోజూ ఒడ్డున నిలబడే కొంగలు ఆ రోజు ఒక్కటీ లేవు.

బాలమల్లు కుర్చీలు వేశాడు. వాటికి తెల్లగుడ్డలు తొడిగాడు. రచన పైనుంచి చూసి బాగుందన్నట్టు చెయ్యి ఊపింది.

పొద్దు వాలింది. మేడం రాలేదు.

నీళ్లు వచ్చాయి.

చప్పుడు లేకుండా వచ్చాయి. ముందు గడ్డి తడిసింది. తర్వాత కుర్చీల కాళ్లు మునిగాయి. రచన చూస్తుండగానే లాన్ నదిలో కలిసిపోతోంది.

"బాలమల్లూ! పైకి రా!"

అతనికి వినబడలేదు. కొత్త కుర్చీలు కొట్టుకుపోతాయని ఒక్కొక్కటే ఎత్తి భుజానికి తగిలించుకుంటున్నాడు.

రచన మెట్లు దిగేసరికి తెల్లగుడ్డల కుర్చీలు బారులు తీరి నదిలోకి పోతున్నాయి. బాలమల్లు ఎక్కడా కనబడలేదు.

తెల్లవారింది. పడవలవాళ్లు ఇంకా వెతుకుతున్నారు. సత్తమ్మ మెట్ల మీద కూర్చుని నీళ్లనే చూస్తోంది. రచన ఆమె పక్కన కూలబడింది.

"నాకేం తెలుసు సత్తమ్మా? గంగ వస్తుంది, గంగ వస్తుంది అని ఒకాయన పొద్దంతా మెసేజీలు పెట్టిండు. ఆమె కోసమే కుర్చీలు వేయించిన..."

సత్తమ్మ గిరుక్కున తల తిప్పింది.

"గంగ వస్తుందని రాసిండా? మేడమని రాసిండా?"

"మేడం అని... నేనే అన్న."

"బిడ్డా, మేం గోదారిని గంగ అంటం." సత్తమ్మ నీళ్లవైపు చెయ్యి చూపింది. "ఎగువన గేట్లెత్తితే ఫోన్ల కబురొస్తుండె, మీ తాతకు గా ఒక్క మాట చాలుతుండె. మమ్ముల పైకి గుంజుకపోతుండె. నువ్వు మేడమంటివి..."

రచనకు అప్పుడర్థమైంది. ఆ మేడం ఒక్కటీ తగిలించకపోతే సత్తమ్మ అప్పుడే మొగుణ్ణి పైకి పిలుచుకునేది.

ఫోన్ మోగింది.

ఎవరు మరిచినా సాఫ్ట్‌వేర్ తన పని మరవలేదు. తెల్లవారగానే అంబదాస్‌కు మర్యాదగా ఒక మెసేజీ పంపింది. "నిన్న గంగ గారు వచ్చారా? మా ఏర్పాట్లు నచ్చాయా?"

దాని కింద అతని జవాబు వచ్చి ఉంది.

"వచ్చిందని టీవీల చూసిన. మా చెల్లె సత్తమ్మ, మా బావ పైకెక్కిండ్రా?"