ముడత పడని దుప్పట్లు

తప్పు చేసిన పిల్లల్ని ఉంచే హోంకి ప్రభుత్వం తరఫున తనిఖీకి వెళ్లేది నేనే. పిల్లలు కటిక నేల మీద పడుకుంటున్నారని పై ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, అడ్డమైనవాళ్లతో పోట్లాడి పరుపులు వేయించాను.

ఈసారి చెప్పాపెట్టకుండా వెళ్లాను. పరుపుల మీద దుప్పట్లు ఒక్క ముడత లేకుండా ఉన్నాయి. హమ్మయ్య అనుకుని ఒకదాని మీద కూర్చున్నాను.

"లేవండి మేడమ్! ముడత పడితే వార్డెన్ సార్ మా వీపు చీరేస్తారు," అన్నాడో కుర్రాడు.

"మరి మీరు పడుకుంటే పడదా?"

"మేం పడుకునేది కిందే కదా. మీరెప్పుడొస్తారో తెలీదని పరుపులు ముట్టుకోనివ్వరు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఉండు, ఇకనుంచి వారం వారం వస్తా. ఆయన సంగతి తేలుస్తా!"

వాడు గాభరాగా నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు మేడమ్! ఇక రానని చెప్పి వెళ్లండి. ఈ రాత్రయినా పరుపు మీద పడుకుంటాం."