చాలీచాలని ఉలోస్

"చర్చికి వెళ్తున్నావా?" గుమ్మంలో కూర్చున్న మంగిహుత్ అడిగాడు. ఆగస్టు నుంచి అతను సరస్సులోకి పడవ దించలేదు.

"సండేస్కూలు టీచర్ని. వెళ్లకపోతే ఎలా?" అంది భార్య తియోదర్.

"ఆ పిల్ల ముఖం ఎలా చూస్తావే?"

తియోదర్ పెట్టె అడుగునున్న ఉలోస్ తీసి భుజాన వేసుకుంది. దీవించి కప్పే నేత గుడ్డ; రంగు వెలిసింది.

తియోదర్ వెళ్లేసరికి లమ్రియా తమ ఇంటి వెనక, పందుల దొడ్డి దగ్గర కూర్చుని ఉంది. పదహారేళ్ల పిల్ల. తలకు నూనె లేదు. ఆగస్టులో ఆ రోజు సరస్సు ఒడ్డున రెండేళ్ల బోనార్‌ను చూస్తుండమంటే ఫోన్ చూస్తూ కూర్చుంది. పిల్లాడు కనబడకపోయేసరికి భయపడి, "ఇంటికెళ్లిపోయాడు" అంది. ఊరంతా సందుల్లో వెతికింది. నీళ్లలో ఎవరూ వెతకలేదు.

ఇవాళ చర్చిలో సంఘం ముందు ఆ అబద్ధం ఒప్పుకుంటేనే, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు మళ్లీ చేర్చుకుంటారు.

"నేను రాను టీచర్," ముఖం ఎత్తకుండానే అంది. "దేవుడు క్షమించినా జనం క్షమించరు."

"దేవుడు క్షమిస్తాడని నీకెవరు చెప్పారే?"

"మీరే. క్లాసులో."

తను చెప్పే ఉంటుంది. చిన్నపిల్లలకు చెప్పడం తేలిక. ఇప్పుడా మాట నోట్లో ఉప్పులేని కూడులా ఉంది.

"ఇటు తిరుగు. జడ వేస్తాను."

చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. లోపల ఏమీ లేదు. కోపం కూడా.

చర్చిలో లమ్రియా ఒప్పుకుంది.

"ఈ బిడ్డ పక్కన నిలబడేదెవరు?" పాస్టరు అడిగాడు. ఎవరో ఒకరు నిలబడాలి. అది ఆ సంఘం ఆనవాయితీ.

లమ్రియా తల్లి తల దించుకుంది. ఎవరూ కదల్లేదు.

తియోదర్ లేచింది. ముందుకు నడిచి, ఉలోస్ విప్పి ఆ పిల్లకు కప్పింది. చాల్లేదు. ఒక భుజం బయటే ఉండిపోయింది.

"ఇంతకంటే పెద్దది దొరకలేదా టీచరమ్మకి?" వెనక, పట్నం నుంచి సెలవులకొచ్చిన పిల్ల కిసుక్కుమంది. పక్కనున్న అవ్వ చటుక్కున దాని నోరు మూసింది.

లమ్రియా గుడ్డ అంచు చూసింది. గుర్తుపట్టింది.

ఆ రోజు ఒడ్డున ఆ గుడ్డ ముడి విప్పే, "నేనొచ్చేదాకా చూస్తుండవే" అంటూ, తియోదర్ తన వీపు మీది కొడుకును లమ్రియా చేతికి అందించింది.