చించిల్లాకి ఎండు ద్రాక్ష

"ఎండు ద్రాక్ష మానేశాం డాక్టర్‌గారూ! ఎండుగడ్డే పెడుతున్నాం. చెక్క అరలున్న పెద్ద బోను కొన్నాం. రోజూ మెత్తటి ఇసుకలో పొర్లనిస్తున్నాం," గుక్క తిప్పుకోకుండా చెప్పింది మనవరాలు.

తాతయ్య ఒళ్ళో చించిల్లా వణుకుతోంది. ఎలుక జాతి పెంపుడు జీవి; పిడికెడు బూడిదరంగు బొచ్చు, రెండు పెద్ద చెవులు.

పశువుల డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి చూశాడు. పళ్ళ వేర్లు కంటిదాకా పెరిగిపోయాయి.

"ఇంకా ఏం మార్చాలి?"

"ఇంకేం వద్దమ్మా. ఇంటికి తీసుకెళ్ళి, దానికి ఏది ఇష్టమైతే అది పెట్టు."

"హమ్మయ్య! తగ్గిపోయింది తాతయ్యా! ఎండు ద్రాక్ష పెట్టొచ్చట!"

తాతయ్య నవ్వబోయి ఆగిపోయాడు.

పోయిన వారం పెద్దాసుపత్రిలో డాక్టరు ఆయన్ని బయట కూర్చోబెట్టి కోడలితోనే మాట్లాడాడు. పదేళ్ళుగా ఆయనకి అందకుండా చక్కెర డబ్బా దాచిన కోడలు, ఆ సాయంత్రం నుంచి అడక్కుండానే టీలో రెండు చెంచాలు వేస్తోంది.

ఇంటికి రాగానే కోడలు టీ తెచ్చిచ్చింది.

"డాక్టరేమన్నాడు మామయ్యా?"

పాప లోపలికి వెళ్ళేదాకా ఆగాడాయన. ఒక గుక్క తాగాడు. తియ్యగా ఉంది.

"నీతో అన్నదే అన్నాడమ్మా."