మిగిలిన టికెట్

సినిమా మొదలై పావుగంట కూడా కాలేదు. ఒక ముసలాయన హాల్లోంచి బయటికి వచ్చి, బుకింగ్ కిటికీలో టికెట్ పెట్టాడు.

"సారూ, పైసలు వాపస్ ఇయ్యండ్రి."

లోపల కూర్చున్న వెంకటరామారావు అప్పుడే టీ గ్లాసు ఎత్తాడు. వేంసూరులో రెండెకరాలు అమ్మి, ఈ గనుల ఊళ్లో పాత టాకీసు లీజుకు తీసుకుని ఆర్నెల్లయింది. నాలుగు రోజులుగా ముసురు. జనం గడప దాటలేదు. ఈ ఆదివారం మ్యాట్నీకి హాలు కాస్త నిండితే, అప్పుడే ఈ వాపసు బేరం తగిలింది.

"ఏం పెద్దాయనా, సినిమా నచ్చలేదా?"

"సినిమా నేనెక్కడ చూసిన? మీ బాల్కనీ స్లాబు చూసిన. కర్రతోని తట్టిన. డొల్ల పలుకుతాంది."

బాల్కనీ చాలాకాలంగా మూసే ఉంది. దాని కింది వరసల్లో మాత్రం మనుషులు కూర్చుంటారు. అక్కడ స్లాబు ఎంత తక్కువ ఎత్తంటే, నిలబడి కర్ర ఎత్తితే అందుతుంది. డబ్బు పెట్టి సినిమాకు వచ్చి స్లాబు తట్టే మనిషిని వెంకటరామారావు ఎక్కడా చూడలేదు. నవ్వు ఆపుకుని గోడ మీది ఫ్రేము చూపించాడు. బిల్డింగు బాగుందని ఇంజనీరు సంతకం పెట్టిన సర్టిఫికెట్ అది.

"ఆ సారు తట్టి చూసి పెట్టిండా, చూడకనే పెట్టిండా?"

దానికి జవాబు వెంకటరామారావుకు బాగా తెలుసు. అందుకే ఒళ్లు మండింది. ఎనభై రూపాయలు కిటికీలో ముందుకు నెట్టి, తీసుకుని దారి పట్టమన్నాడు.

ముసలాయన నోట్లు ముట్టుకోలేదు.

"నా ఒక్కనివి నాకెందుకు? లోపట కూసున్నోళ్లందరివి ఇయ్యండ్రి. ఆట బంద్ పెట్టుండ్రి."

"పెట్టకపోతే?"

"పెట్టేదాంక నేను పోను."

ఇతను కచ్చితంగా ఊళ్లో ఉన్న రెండో టాకీసువాళ్లు పంపిన మనిషే అని వెంకటరామారావు తేల్చేసుకున్నాడు. బస్టాండు దగ్గరి పోలీసు ఔట్‌పోస్టుకు ఫోన్ కొట్టాడు. ఎవరికి చేసుకుంటావో చేసుకో అన్నట్టు ఒక చూపు చూసి, ముసలాయన గేటు వైపు కాకుండా తిన్నగా మళ్లీ హాల్లోకే నడిచాడు. టికెట్ కిటికీలోనే ఉండిపోయింది.

తెర మీద ఫైటు నడుస్తోంది. ముసలాయన వరసల మధ్య నిలబడ్డాడు. స్లాబు గురించి ఒక్క ముక్క ఎత్తలేదు.

"టికెట్ పైసలు వాపస్ ఇస్తున్రు. ఇప్పుడొచ్చినోళ్లకే. జల్దీ రాండ్రి."

ఒకడు లేచాడు. వాణ్ని చూసి పదిమంది లేచారు. రెండు నిమిషాల్లో, పాప్‌కార్న్ పొట్లాలతో, చంకన పిల్లలతో, హాలు హాలంతా బుకింగ్ కిటికీ మీద పడింది. ఫైటు మధ్యలో ఉన్న హీరోను పట్టించుకున్నవాడు లేడు.

నేనెప్పుడు ఇస్తానన్నానని వెంకటరామారావు మొత్తుకున్నాడు. ఇస్తానని పిలిచి మాట మారుస్తావా అని జనం తగులుకున్నారు. ఇంతలో కానిస్టేబుల్ ప్రమీలారాణి వచ్చింది. అబద్ధం చెప్పింది ఇతనేనని వెంకటరామారావు వేలు చూపించాడు. ముసలాయన కాదనలేదు. ఆమె వెంట బుద్ధిగా నడిచి, గేటు దగ్గర మాత్రం వెనక్కి తిరిగాడు.

"వీళ్లను మళ్ల లోపటికి తోలితే, నేను మళ్ల వస్త."

ఎంత మొండి మనిషో అనుకున్నాడు వెంకటరామారావు. వరండాలో జనంతో పదినిమిషాలు వాదించాడు. బతిమాలాడు. చివరికి అందరికీ కూల్‌డ్రింకు ఇస్తానన్నాడు. నలుగురు మెత్తబడి హాలు తలుపు దాకా వెళ్లారు.

అప్పుడు లోపల పెద్ద చప్పుడైంది. సినిమాది కాదు.

తలుపు తీస్తే తెల్లటి దుమ్ము. బాల్కనీ కింద నాలుగు వరసల కుర్చీలు కనిపించడం లేదు. వాటి మీద స్లాబు ముక్కలు, వంగిన చువ్వలు. మధ్యలో చంటిపిల్ల చెప్పు ఒకటి బయటికి కనిపిస్తోంది. దాని జత వరండాలో, తల్లి చంకనున్న పిల్ల కాలికి ఉంది. ఆ తల్లి పిల్లను గట్టిగా హత్తుకుని ఏడ్చేసింది.

ఆ తర్వాత ఎవరూ డబ్బు అడగలేదు. వెంకటరామారావే ఒక్కొక్కరినీ పిలిచి ఇచ్చాడు. అందరూ వెళ్లాక కిటికీలో ఒక టికెట్ మిగిలింది. దాని పక్కనే, తను నెట్టిన ఎనభై రూపాయలు అలాగే ఉన్నాయి.

అవి పిడికిట్లో పట్టుకుని, గొడుగు కూడా లేకుండా ఔట్‌పోస్టుకు పరుగెత్తాడు.

"ఆ పెద్దాయన ఏడమ్మా?"

"ఇప్పుడే భద్రాచలం బస్సు ఎక్కించిన సార్. మళ్ల మీ టాకీసు దిక్కు రావద్దని గట్టిగనే చెప్పిన."

వెంకటరామారావు జరిగింది చెప్పాడు. ప్రమీలారాణి రిజిస్టరు తీసి పేరు చూపించింది. బిచ్యా. మూతపడిన ఒక పాత గనిలో సర్దారు. షిఫ్టువాళ్లు గనిలోకి దిగే ముందు కర్రతో పైకప్పు తట్టి, మనుషులను లోపలికి పంపాలో వద్దో చెప్పడం అతని పని.

వెంకటరామారావు బస్సు పోయిన రోడ్డు వైపు చూశాడు. నోట్లు తడిసిపోయాయి.

"మరి స్లాబు పడుతుందనే జనానికి చెప్పొచ్చుగా? డబ్బులిస్తున్నారని అబద్ధం ఎందుకు ఆడాడు?"

"నేనూ అదే అడిగిన సార్," అంది ప్రమీలారాణి. "గనిల ఒకపారి పైకప్పు పడ్తది, పైకి రాండ్రని చెప్పిండట. అందరు వచ్చిన్రట. పైకొస్తే ఆనాటి హాజరు పోతది, కూలి పోతదని ముగ్గురు మాత్రం రాలేదట. అండ్ల ఒకడు ఆయన కొడుకట."